పుట్టింటి గాలికి ఎదురు ఊపిరి

తోక 431, మొదటి రోజు

పొద్దున్నే అరవై నాలుగు పళ్ళేల మూతలూ తీశాను. నలభై మూడో పళ్ళెం మూత మళ్ళీ పట్టేసింది. దాని బందు మార్చమని పోయిన తోకకే ఈ పుస్తకంలో రాశాను, ఎవరికీ పట్టలేదు. ఈ పుస్తకం ఎవరైనా చదువుతారన్న భ్రమ నాకు పోయి చాలా కాలమైంది. అయినా రాస్తాను. మూతల పుస్తకం రాయడం నా పని. తవిటమ్మ రాయలేదని రేపు ఎవరూ నా మీద వేలు చూపించకూడదు.

మూతలు తీశాక కాసేపు ఆగి పైకి చూశాను. ఎల్లుండి భూమి అమావాస్య. సూర్యుడి పక్కనే నల్లగా ఉంది, అంచున సన్నటి గీత తప్ప ఏమీ కనబడదు. కింద వాళ్ళకి మాత్రం ఎల్లుండి పున్నమి. మా ఊరున్న చంద్రుడు వాళ్ళ కళ్ళకి వెలిగిపోతున్న రోజున వాళ్ళు మాకు కనబడరు. ముప్పై ఐదేళ్ళుగా చూస్తున్నా నాకది ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

మిగతా నెలంతా సూర్యుడి గాలి, అంటే సూర్యుడు ఆగకుండా చిమ్మే కణాల ధార, మా నేల మీద కొడుతూనే ఉంటుంది. భూమికి మాత్రం అయస్కాంతపు తోక ఒకటి ఉంది, సూర్యుడికి ఎదురు దిక్కున ఎంతో దూరం సాగి ఉంటుంది. నెలకి ఐదారు రోజులు మేం ఆ తోకలోంచి దాటతాం. అప్పుడు సూర్యుడి గాలి మా జోలికి రాదు. భూమి గాలిలో అన్నిటికన్నా పై పొర నుంచి జారిపోయిన కాస్త ఆక్సిజన్, కాస్త నైట్రోజన్ ఆ తోక వెంట ఇంత దూరం వచ్చి మా మట్టిలో దిగబడతాయి. అందుకే శుభ్రంగా కాల్చిన మట్టి పళ్ళేల్లో పరిచి, ఆ రోజుల్లో మూతలు తీసి, తోక దాటగానే వేసేస్తాం. తరవాత బట్టీలో కాల్చి ఎంత గాలి వచ్చిందో కొలిచి కిందికి చెబుతాం. భూమి ఏటా ఎంత ఊపిరి పోగొట్టుకుంటోందో వాళ్ళు దాన్నిబట్టి లెక్క కడతారు. ఊరు పుట్టిందే ఈ పని మీద, అందుకే మూతలపాలెం అన్నారు.

అరవై నాలుగు పళ్ళేలూ ఏడాది పొడుగునా పట్టిందంతా కలిపినా ఆవగింజంత చోటు నిండదు. మా పెద్దవాళ్ళు దాన్ని పుట్టింటి గాలి అంటారు. ఆఖరి పళ్ళెం లెక్కలోకి రాదు, అది ఊరిది. దానిలో పట్టిన గాలిని గాజు గొట్టంలో దాచి, బిడ్డ పుట్టినప్పుడు ఆ గదిలో మూత విప్పుతాం. ఎనిమిది నెలల కిందట మా మనవరాలు భువన పుట్టినప్పుడూ విప్పాం. నెల తక్కువ బిడ్డ, పుట్టి చాలాసేపు ఏడవలేదు. మా అత్త అప్పలనర్సమ్మ ఆ గొట్టం బిడ్డ ముక్కు దగ్గర పట్టుకుని కూర్చుంది. నర్సు చేసిన వైద్యం వల్లే బిడ్డ ఏడ్చిందని నాకు తెలుసు. మా అత్తకి చెప్పి చూడండి.

తోక 431, ఆరో రోజు

మూతలు వేశాను. బట్టీ వెలిగించి పన్నెండు పళ్ళేలు కాల్చాను. లెక్క మళ్ళీ పెరిగింది. వరసగా ఎనిమిదో తోక ఇది. కింద ఈ లెక్కలు చూసే డాక్టర్ హిమజ ఉబ్బితబ్బిబ్బయిపోతోంది. భూమి ఇదివరకటికన్నా ఎక్కువ గాలి వదులుతోందని పెద్ద సభలో చెప్పబోతోందట. ఊళ్ళో ఆడవాళ్ళేమో పుట్టింటికి మన మీద బెంగ ఎక్కువైందని మురిసిపోతున్నారు.

నాకు మాత్రం ఎందుకో మింగుడు పడలేదు. ఒకటో వరస పళ్ళేల్లో ఎక్కువ, ఎనిమిదో వరసలో ఎప్పటంతే. అంత దూరం నుంచి వచ్చే గాలికి ఇరవై అడుగుల తేడా ఎలా తెలుస్తుంది?

తోక 431 దాటిన పదో రోజు

ఊరి గాలి, నీళ్ళు చూసుకునే లోకనాథం బట్టీ గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. నాకు మరిది వరస. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి వేళాకోళం ఆడేవాడు, ఇవాళ ఆ ఊసే లేదు. నైట్రోజన్ నిలవ తగ్గుతోందట. ఆక్సిజన్ మా రాళ్ళలోంచి మేమే తీసుకుంటాం. నైట్రోజన్ కింద నుంచి ఓడలో రావాల్సిందే. ఎనిమిది నెలల్నించి నెలనెలా కాస్త కాస్త తరుగుతోందని, మొదట కొలిచే ముల్లు పాడయిందనుకున్నాడని చెప్పాడు.

ఊళ్ళో నిబంధన అందరికీ తెలుసు. నిలవ ఎర్రగీత దాకా వచ్చేవరకు ఆగొచ్చు. కన్నం పడిందని రుజువైతే మాత్రం ఆగకూడదు, వచ్చే ఓడలోనే ఊరంతా కిందికి దిగాలి. వచ్చే ఓడ 433వ తోక దాటాక.

నలభై ఒక్క మందిలో నలభై మంది దిగగలరు. మా అత్త దిగలేదు. నలభై నాలుగో ఏట పైకి వచ్చింది, ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఇక్కడి తేలిక బరువుకి ఎముకలు గుల్లబారిపోయాయి, గుండె సన్నబడింది. కింది బరువు ఆమె మీద పడితే ఒక్క రోజు కూడా బతకదని డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. ఆ మాట ఆమెకీ తెలుసు.

లోకనాథం వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు.

"కన్నం ఎక్కడున్నాదో నాకు దొరకలేదు వదినా. దొరక్కపోతేనే బాగున్నని కూడా అనిపిస్తన్నాది. ఇంత పాపిష్టి ఆలోసన నాకు ఎప్పుడూ రాలేదు."

తోక 432, ఏడో రోజు

మా తాతలు పలాసలో జీడిపిక్కల బట్టీలు నడిపినవాళ్ళు. మా అమ్మ పదేళ్ళ నన్ను వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి మట్టి బట్టీ పట్టింది. ఆమె నాకు నేర్పిన మొదటి సంగతి, మంట ఎగదోస్తే ఏది ఎప్పుడు బయటికొచ్చిందో తెలియదని. జీడిపిక్కని నిదానంగా కాలిస్తే ముందు పెంకులో జిడ్డు వస్తుంది, పప్పు దాకా సెగ దిగేది తరవాత. కింద సంస్థకి మొత్తం లెక్క చాలు కాబట్టి నేనూ ఇన్నేళ్ళూ మంట ఎగదోసే కాలుస్తున్నాను. అది నా బద్ధకం, ఒప్పుకుంటున్నాను.

ఈసారి ఒకటో వరసలోంచి ఒక పళ్ళెం తీసి మా అమ్మ కాల్చినట్టు కాల్చాను. భూమి నుంచి వచ్చిన గాలి మహా వేగంతో వచ్చి గుద్దుకుంటుంది కాబట్టి మట్టి గింజ లోపలికి దిగి కూర్చుంటుంది, ఆరొందల డిగ్రీలు దాటితేగానీ బయటికి రాదు. రెండొందలైనా కాకముందే ముల్లు లేచింది. అంటే ఈ గాలి గింజ లోపలికి దిగలేదు, పైపైన అంటుకుని ఉంది. అది దూరం నుంచి రాలేదు. ఆరొందలు దాటాక వచ్చింది చూస్తే తొమ్మిది నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే, పిసరంత కూడా పెరగలేదు.

పైపైన అంటుకున్నది మా ఊరి గాలి. కన్నం ఉంది, అది పళ్ళేల దగ్గరే ఎక్కడో ఉంది.

 తరవాత మిగతా పళ్ళేలు మంట ఎగదోసి కాల్చి, మొత్తం లెక్క మాత్రం కిందికి పంపాను. నిదానం మంట సంగతి హిమజకి చెప్పలేదు, లోకనాథానికీ చెప్పలేదు. ఇంటికి వెళ్తే అత్త భువనకి పాట పాడుతోంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. తలనొప్పి అన్నాను. అల్లం నూరి పట్టు వేసింది. ఊరంతటి ఊపిరి మీదకి తెచ్చే తప్పు చేసి వచ్చి, ఆమె చేత పట్టు వేయించుకుని పడుకున్నాను. ఈ పేజీ చింపేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను. చేతులు రాలేదు.

తోక 433, రెండో రోజు

దొరికింది. మొదటి నుంచీ రాస్తాను, లేకపోతే ఎవరూ నమ్మరు.

బట్టీ గది గోడలో పళ్ళేల గూడు ఉంది. బియ్యం డ్రమ్ము పట్టేంత ఇనప పెట్టె అది, లోపలికొక తలుపు, బయటికొక తలుపు. పళ్ళెం పెట్టి లోపలి తలుపు వేసి, పంపుతో అందులో గాలి వెనక్కి లాగేసుకుని, అప్పుడు బయటి తలుపు తీయాలి. బయట ఎదురుగా ఉండేది ఒకటో వరస. కన్నం అక్కడే ఉంటుందని నా అనుమానం. మనుషులు లేనప్పుడు చూద్దామని, భోజనానికి వెళ్తున్నట్టు అందరికీ వినబడేలా చెప్పి, సగం దారిలో వెనక్కి వచ్చాను.

బట్టీ గదిలో తొమ్మిది మంది ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. అందరూ అరవై దాటినవాళ్ళే. వరస మొదట్లో గూటిలోకి తల దూర్చి ఉన్నది మా అత్త. లోపలికి గట్టిగా ఊపిరి వదిలింది, తల బయటికి తీసి తలుపు వేసింది, పంపు జోలికి పోకుండా బయటి తలుపు మీట లాగింది. ఊపిరితో పాటు పెట్టెడు గాలీ బుస్సుమని బయటికి పోయింది. వెనకావిడ తన వంతుకి ముందుకి జరిగింది.

 ఎనిమిది మందీ నన్ను చూసి నీళ్ళు నమిలారు. మా అత్త ఒక్కతే తొణకలేదు.

"అలగ సూస్తావేటే? నీ మట్టి మేం ముట్టుకోనేదు."

నేను ఎంత గొంతు చించుకున్నానో ఇక్కడ రాయను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే భువన పుట్టిన నెల నుంచి అంది. మొదట్లో తను ఒక్కతే. తరవాత ఒకరి చెవిన ఒకరు వేసుకుని నెలకి ఒకరో ఇద్దరో చేరారు. ప్రతి తోకకీ ఐదు రోజులు, మనిషికి రోజుకో పెట్టె. పంపు వేస్తే ఊపిరి వెనక్కే వచ్చేస్తుంది కదా అని పంపు వేయలేదు. ఇంతమందిలో ఒక్కరూ నోరు జారలేదు. మామూలుగా పక్కింటి కూరలో ఉప్పెంతో కూడా ఊరంతా చాటేవాళ్ళే వీళ్ళు.

ఎందుకని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి ఉండదన్నట్టు చూసింది.

"పుట్టింటోలు గిన్నెతో ఉలవసారు పంపితే ఆ గిన్నె ఉత్తిగ తిరిగి పంపుతామేటి? ఒక బెల్లం ముక్కైనా ఎయ్యమా? ముప్పై ఐదేల్లు అక్కడి గాలి పట్టి పట్టి దాసుకున్నాం. దానితోటి నా మనవరాలి బిడ్డ బతికినాది. మన కాడ ఏటున్నాది తిరిగి పెట్టడానికి? ఊపిరే కదా."

నాకు కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నిలవ తగ్గడం, ఎర్రగీత, ఓడ, ఊరు దిగిపోవడం, అందులో దిగలేని మనిషి ఎవరో. నేను దాచిన సంగతి కూడా చెప్పాను.  ఆమె తన చావు మాట పట్టించుకోలేదు. భువనకి పీల్చుకునే గాలి తను పారబోసిందా అని అడిగింది. కొంచెం అని చెప్పాల్సి వచ్చింది. మిగతా ఎనిమిది మందిలో ఇద్దరు ఏడ్చేశారు.

తోక 433, ఆరో రోజు

నాలుగు రోజులుగా గూటికి తాళం వేసి, ఆ తాళంచెవి నా మెడలో వేసుకున్నాను. నిలవ ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. లోకనాథం నా ఎదురుగానే మూడుసార్లు చూసుకుని, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. కన్నం లేదు. ఎప్పుడూ లేదు.

హిమజతో నేనే మాట్లాడాను. ఏదీ దాచలేదు. తొమ్మిది మంది పేర్లూ చెప్పి, తప్పు మాత్రం పుస్తకం రాసేదానిదని, గూడు తాళం వేయకుండా భోజనానికి పోయేది నేనేనని, పోయిన తోక సంగతి తెలిసి కూడా దాచానని చెప్పాను.  

"అంటే తొమ్మిది నెలలుగా నేను భూమి ఊపిరి అనుకుని కొలిచింది మీ అత్తగారి ఊపిరన్నమాట" అంది.

ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. సభలో చెప్పాల్సిన మాట వెనక్కి తీసుకుంటానంది. తొమ్మిది తోకల లెక్కలూ కొట్టేస్తుంది. ఇకమీదట ప్రతి పళ్ళెమూ నిదానం మంట మీదే కాల్చాలట. ఊరు దిగాల్సిన పని లేదని మాత్రం ఆవిడే పైవాళ్ళకి రాస్తానంది. అంత నష్టంలో ఆ మాట ముందు చెప్పిన మనిషికి నేను ఎంతైనా రుణపడి ఉంటాను.

పెట్టేసే ముందు ఇంకొక్కటి అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఇన్నాళ్ళూ వీళ్ళు వదిలింది కిందికి చేరిందా అని. హిమజ అబద్ధం చెప్పే మనిషి కాదు. తోక రోజుల్లో మేం భూమికి వెనక వైపు ఉంటాం, ఆ రోజుల్లో వదిలిందేదీ భూమి వైపు రాదు, ఇంకా దూరానికే కొట్టుకుపోతుంది అంది.

అత్త నా పక్కనే కూర్చుని వింది.

"అయితే తొమ్మిది నెల్లూ ఎవులికిచ్చినట్టే?" అంది నెమ్మదిగా.

 ఆ పూట ఆమె గంజి ముట్టలేదు. భువనని ఒళ్ళో పెట్టినా పాట రాలేదు.

తోక 433 దాటిన నాలుగో రోజు

ఓడ వచ్చి, సరుకు దింపి వెళ్ళిపోయింది. ఎవరూ ఎక్కలేదు.

అత్త అలాగే ఉంది. రోజుకి నాలుగు ముద్దలు మింగుతోంది, అవీ నా పోరు పడలేక. ఊరు నిలిచింది, ఆమె నిలిచింది, అయినా మొహంలో వెలుగు లేదు. తప్పు చేసినందుకు కాదు. పెట్టింది చేరనందుకు.

ఆమె పడుకున్నాక నేను గచ్చు మీద సుద్దముక్కతో గీసుకున్నాను. ఇటు సూర్యుడు, అటు భూమి, మధ్యలో ఎక్కడెక్కడో మేం. తోక రోజుల్లో భూమి మధ్యలో ఉంటుంది. మరి పదిహేను రోజులకి మేమే మధ్యలోకి వస్తాం కదా. అప్పుడు సూర్యుడి గాలి మమ్మల్ని దాటి ఎటు పోతుంది? వెంటనే హిమజకి రాశాను. చదువుకున్న మనిషిని ఇలాంటివి అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దని కూడా రాశాను.

జవాబు అంకెలతో వచ్చింది. భూమి పౌర్ణమి రోజున, మేం సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నప్పుడు వదిలితే, ఎండ తగిలి విద్యుత్తు పట్టిన అణువుల్ని సూర్యుడి గాలి భూమి వైపు తోసుకుపోతుంది. అంతా కాదు. చాలామటుకు ఇక్కడే చంద్రుడి మీద గెంతుతూ ఉండిపోతుంది, కొంత దారి తప్పుతుంది. పదిలక్షల్లో ఒకటి చేరితే గొప్ప. పైగా ఆ రోజు పళ్ళేల మూతలు వేసే ఉంటాయి కాబట్టి నా లెక్కలకేమీ కాదు.

లోకనాథాన్ని అడిగాను. నెలకి ఊరంతటికీ కలిపి ఒక్క పెట్టె అయితే నిలవకి లోటు లేదన్నాడు.

భూమి పౌర్ణమి

పైన నిండు భూమి. మబ్బులన్నీ కనబడుతున్నాయి.

తొమ్మిది మందీ వచ్చారు. అత్త తప్ప అందరూ ఒకరి తరవాత ఒకరు ఒకే పెట్టెలోకి ఊపిరి వదిలారు. మా అమ్మాయి భువనని ఎత్తుకొచ్చి గూటి దగ్గర పట్టుకుంటే, అది ఊపిరి వదలకుండా తుమ్మింది. అదీ లెక్కలోకే వస్తుందని అందరూ ఒప్పుకున్నారు. లోకనాథం కూడా వదిలాడు, తనకి నమ్మకం లేదని రెండుసార్లు చెప్పి మరీ. నేను కూడా తల దూర్చాను. లోపల ఇనుము వాసన, పాత మట్టి వాసన వేసింది. ఏమనుకుంటూ వదిలానో ఈ పుస్తకంలో రాయాల్సిన అవసరం లేదు.

అత్త ఆఖరున వచ్చింది. గూటి ముందు నిలబడి చేరినట్టు మనకెలా తెలుస్తుందని అడిగింది. తెలియదని చెప్పాను. వాళ్ళ గాలి మనకి చేరుతోందని వాళ్ళకైనా ఎలా తెలిసింది అత్తా, మనం పళ్ళెం పెట్టబట్టే కదా అన్నాను.

ఆమె గూటి అంచు మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది.

"అయితే అక్కడ కూడా ఎవులో ఒకలు పెట్టాల. ఆ డాక్టరమ్మకి సెప్పు."

తరవాత ఊపిరి వదిలి, తనే మీట లాగింది.

పుస్తకంలో ఇంతకాలం "వచ్చినది" అని ఒక్క గడే ఉంది. పక్కన గీత గీసి "పంపినది" అని రాసి, కింద "ఒక పెట్టె" అని వేశాను. అప్పుడు హిమజకి అత్త మాట ఉన్నదున్నట్టు రాసి పంపాను. అదొక ముసలామె కోరిక, తీర్చకపోయినా పరవాలేదని కూడా చేర్చాను.

జవాబు భోజనాల వేళకి వచ్చింది. "మా డాబా మీద పెట్టాను. మూత తీసే ఉంది" అని మాత్రం ఉంది.

అత్తకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది, చదివాను.  నేను పెట్టిన గిన్నెడు గంజీ ఆగకుండా తాగేసింది. లేచి గిన్నె కడిగి తుడిచి నా చేతికిచ్చింది. అడుగున బెల్లం ముక్క ఉంది.